పెరటి గడ్డికి ఏ యంత్రం మేలు?



గోదావరి డెల్టాలో జూన్ మాసంలో కాలువలకు నీరు వదిలింది మొదలు నవంబరు చివరి వరకు గడ్డికి అడ్డూ ఆపూ ఉండదు. నైరుతి వానలు వెనుదిరిగేలోగా ఈశాన్య వానలు అందుకుంటాయి. గరిక, తుంగ, ఊద, వయ్యారిభామ ఒకదానితో ఒకటి పోటీపడి పెరుగుతాయి. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బావి గట్టుకు, స్నానాల గదికి వెళ్లే దారి కనబడదు. పూర్వం కొడవలి పట్టుకుని వచ్చే మనిషి కోసిన గడ్డిని తన గేదెకు మోపు కట్టుకుని వెళ్లేవాడు. ఇప్పుడు గేదెలు తగ్గాయి, కొడవలి పట్టే చేతులూ తగ్గాయి. అందుచేత రాజమహేంద్రవరం మొదలు అమలాపురం, భీమవరం వరకు వ్యవసాయ పరికరాలమ్మే ప్రతి దుకాణంలోనూ గడ్డి కోసే యంత్రాలు వేలాడుతున్నాయి.

ఈ యంత్రాల విషయమై మాకు అందిన ప్రశ్నలలో ఒకటి అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ తీసుకుంటున్నాము. కోనసీమ నుండి ఒక సోదరి ఇలా అడిగారు: ఇల్లు, ఖాళీ స్థలం కలిపి పన్నెండు సెంట్లు. కుమారుడు కువైట్‌లో పనిచేస్తూ, మిషన్ కొనుక్కోమని డబ్బు పంపాడు. దుకాణంలో పెట్రోలుతో నడిచేదీ చూపుతున్నారు, బ్యాటరీతో నడిచేదీ చూపుతున్నారు. భర్త వయసు అరవై రెండు. ఏది తీసుకోవాలి?

చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కానీ దీనిలో ఎడారి ఎండలో సంపాదించిన సొమ్ము ఉంది, అరవై దాటిన మనిషి భుజాలు ఉన్నాయి, ఇంట్లో ఆడుకునే పిల్లల కళ్లు ఉన్నాయి, గోడ అవతల ఉన్న పొరుగువారి విశ్రాంతి ఉంది. అందుకే కొంత వివరంగా చెప్పదలచాము.

గడ్డిని ఎందుకు కోయాలి?

కొందరు దీనిని కేవలం అందానికి సంబంధించిన పనిగా భావిస్తారు. మన ప్రాంతంలో అది ప్రాణరక్షణకు సంబంధించిన పని. తాచు, కట్లపాము, రక్తపింజర ఈ మూడూ డెల్టాలో ఉన్నవే. ఎలుకలు ఉన్నచోటికి పాములు వస్తాయి, గడ్డి దట్టంగా ఉన్నచోట ఎలుకలు దాగుతాయి. పొదల్లో, గడ్డిలో ఉండే అతి చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఆలస్యంగా గుర్తిస్తే అది ప్రాణం మీదికి తెస్తుంది. కనుక ఇంటి చుట్టూ కనీసం పది అడుగుల మేర గడ్డిని చీలమండ ఎత్తుకు మించకుండా ఉంచుకోవడం ప్రతి కుటుంబ పెద్ద బాధ్యత. ఫజర్ నమాజుకు, ఇషా నమాజుకు చీకట్లో నడిచి వెళ్లే దారి విషయంలో ఇది మరింత అవసరం.

తీగ ఎలా కోస్తుంది?

ఈ యంత్రానికి కత్తి ఉండదు. ఒక గుండ్రని తల, దానిలో చుట్టిన నైలాన్ తీగ. తల నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటే మెత్తని తీగ కర్రలా నిటారుగా నిలిచి, గడ్డిని కొట్టి తెంచుతుంది. దీనిని అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి చెందిన జార్జ్ బల్లాస్ 1971లో రూపొందించారు. కార్లు కడిగేచోట గిర్రున తిరిగే కుంచెలను చూసి ఆయనకు ఈ ఆలోచన కలిగింది. ఒక డబ్బాకు చేపలు పట్టే తీగలు కట్టి, తిప్పి చూశారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, తీగ గడ్డిని కొడవలిలా కోయదు, కొడుతుంది. గడ్డిని కొట్టినట్లే పక్కనున్న గులకరాయినీ కొడుతుంది, గాజు పెంకునూ కొడుతుంది, కొబ్బరి మొక్క మొదలునూ కొడుతుంది. పెట్రోలుతో నడిచినా, బ్యాటరీతో నడిచినా ఈ లక్షణం మారదు. ఈ యంత్రానికి సంబంధించిన మేలూ కీడూ అన్నీ దీనినుండి పుట్టినవే.

పెట్రోలు యంత్రం

పెట్రోలు యంత్రాలు రెండు రకాలు. మొదటిది టూ స్ట్రోక్. దీనిలో పెట్రోలుతో పాటు ఆయిల్‌ను కలిపి పోయాలి. కంపెనీని బట్టి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నుండి 40 మిల్లీలీటర్ల వరకు ఆయిల్ ఉంటుంది. కొలత పుస్తకంలో ఎలా ఉంటే అలాగే కలపాలి. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ కమ్ముతుంది. రెండవది ఫోర్ స్ట్రోక్. దీనిలో ఆయిల్ వేరుగా ఉంటుంది, కలపనవసరం లేదు. పొగ, శబ్దం కొంత తక్కువ, ధర ఎక్కువ.

పెట్రోలు యంత్రానికి బలం ఉంది. అందులో సందేహం లేదు. మోకాలి ఎత్తు తుంగనైనా, ముదిరిన ఊదనైనా అది ఆగకుండా కోసుకుపోతుంది. తీగ తీసి ఇనుప చక్రం బిగిస్తే చిన్న పొదలను కూడా నరుకుతుంది. అలవాటున్న మనిషి ఒక్క రోజులో కొబ్బరి తోటలో ఎకరం దరిదాపులు శుభ్రం చేయగలడు. కరెంటుతో పనిలేదు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచెత్తిన తుపానును చూసినవారికి, రోజుల తరబడి కరెంటు లేకపోవడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

ఇక దాని భారం. భుజానికి తగిలించుకునే యంత్రం సుమారు ఏడు నుండి తొమ్మిది కిలోలు ఉంటుంది. చేతులకు అదురు తగులుతుంది. గంటసేపు పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తాడు లాగి స్టార్టు చేయాలి. కీళ్లనొప్పులు ఉన్నవారికి అదే పెద్ద పరీక్ష. టూ స్ట్రోక్ ఇంజనులో పోసిన ఇంధనంలో కొంత భాగం కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. ఆ పొగను ముందుగా పీల్చేది యంత్రం పట్టుకున్న మనిషే.

మరొక విషయం చాలామంది గమనించరు. ఇప్పుడు మనకు బంకుల్లో లభించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డెల్టాలో తేమకు కొదవ లేదు. టాంకులో పెట్రోలు వదిలేసి యంత్రాన్ని రెండు మూడు నెలలు మూలన పెడితే కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది, లోపలి రబ్బరు గొట్టాలు పాడవుతాయి. "కొత్త మిషన్, పట్టుమని నాలుగుసార్లు వాడలేదు, స్టార్టు కావడం లేదు" అనే ఫిర్యాదుల్లో అధిక భాగం ఇటువంటివే. నెలకు మించి వాడబోమని తెలిసినప్పుడు టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేవరకు నడిపి, ఆ తరువాతనే దాచాలి. కొనేముందు, ఈ యంత్రం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తగినదేనా అని అడగాలి.

బ్యాటరీ యంత్రం

బ్యాటరీ యంత్రం బరువు సాధారణంగా మూడు నాలుగు కిలోలే. మీట నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. పొగ లేదు, ఆయిల్ కలిపే పని లేదు, తాడు లాగే పని లేదు. పచ్చికలో, బాటల అంచుల్లో, పూలకుండీల మధ్య చక్కగా పనిచేస్తుంది. ఇంట్లో స్త్రీలు కూడా శ్రమ లేకుండా వాడుకోగలరు.

దాని హద్దు కూడా తెలుసుకోవాలి. ఒక ఛార్జింగుకు ఇరవై నుండి ముప్ఫై నిమిషాల పని జరుగుతుంది. గడ్డి చీలమండ ఎత్తులో ఉంటే ఆ సమయంలో రెండు మూడు సెంట్లు అవుతుంది. గడ్డి ముదిరి మోకాలిని దాటితే అందులో సగం కూడా కాదు, మోటారు వేడెక్కి ఆగిపోతుంది. అంటే బ్యాటరీ యంత్రం తరచుగా కోసుకునేవారికి పనికివస్తుంది. మూడు నెలలకొకసారి అడవిని నరికేవారికి పనికిరాదు.

బజారులో మోసపోయేది కూడా ఇక్కడే. చవక యంత్రాలపై 48 అని, 88 అని, ఇంకా పెద్ద అంకెలు వేసి ఓల్టులని నమ్మిస్తారు. లోపల చూస్తే 18 ఓల్టుల బ్యాటరీయే ఉంటుంది. అంకె చూసి కొనకండి. బ్యాటరీ మీద ఓల్టులు ఎన్ని, ఆంపియర్ అవర్లు ఎన్ని అని చూసి, రెంటినీ హెచ్చించండి. వచ్చేది వాట్ అవర్లు. 18 ఓల్టులు, 2 ఆంపియర్ అవర్లు అయితే 36 వాట్ అవర్లు. 36 ఓల్టులు, 4 ఆంపియర్ అవర్లు అయితే 144. మొదటిది పూలకుండీల చుట్టూ కోయడానికి సరిపోతుంది, రెండవది పెరటికి సరిపోతుంది. ఆ కంపెనీ బ్యాటరీ విడిగా దొరుకుతుందా, మన ఊరికి దగ్గరలో మరమ్మతు చేసేవారున్నారా అన్నవి మిగిలిన రెండు ప్రశ్నలు. వీటికి స్పష్టమైన జవాబు రాకపోతే ఎంత చవకైనా వదిలేయడం మంచిది.

బ్యాటరీకి వేడి శత్రువు. మే నెలలో రాజమహేంద్రవరంలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల షెడ్డులో అంతకు మించి ఉంటుంది. బ్యాటరీని అక్కడ వదలకూడదు. కోత ముగిసిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జింగు పెట్టకూడదు, చల్లారనివ్వాలి. వేసవిలో గడ్డి ఎండిపోయి యంత్రంతో పని ఉండదు కనుక, సగం ఛార్జింగుతో ఇంట్లో నీడపట్టున ఉంచాలి. రాత్రంతా మంచం పక్కన ఛార్జింగులో ఉంచి నిద్రపోవడం క్షేమం కాదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకా వాడుదామని చూడవద్దు, చెత్తకుప్పలో వేయవద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. అమ్మిన దుకాణంలో ఇచ్చేయవచ్చు.

తీగ గుచ్చి నేరుగా కరెంటుతో నడిపే మూడవ రకం కూడా ఉంది. అది చవక, తేలిక. కానీ మన నేల ఏడాదిలో ఆరు నెలలు తడిగా ఉంటుంది. గడ్డి మీద ఈడ్చే కరెంటు తీగను అదే యంత్రం కోసివేసే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇళ్లకు, తడి పెరళ్లకు మేము దానిని సూచించము.

ఖర్చు లెక్క

ప్రశ్న అడిగిన సోదరి ఇంటినే తీసుకుందాం. పన్నెండు సెంట్లలో ఇల్లు, వసారా, బావి పోగా గడ్డి పెరిగేది ఆరు సెంట్లు అనుకుందాం. అంటే సుమారు 290 గజాలు. ఏడాదికి పన్నెండు కోతలు. పెట్రోలు యంత్రంతో ఒక్కో కోతకు గంట, గంటకు దాదాపు ముప్పావు లీటరు. లీటరు 110 రూపాయల చొప్పున కోతకు 80 రూపాయలకు కొంచెం పైన, ఏడాదికి వెయ్యి రూపాయలు. ఆయిల్, స్పార్క్ ప్లగ్, ఏడాదికొక సర్వీసింగు దీనికి అదనం. బ్యాటరీ యంత్రానికి కోతకు రెండు మూడు ఛార్జింగులు, అర యూనిట్ కరెంటు. ఏడాది మొత్తం మీద కరెంటు ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

ఈ లెక్క చూపి దుకాణదారుడు "బ్యాటరీదే లాభం" అంటాడు. అయితే మూడు నుండి ఐదేళ్లలో బ్యాటరీ బలహీనపడుతుంది. కొత్తదాని ధర యంత్రం ధరలో మూడో వంతు, ఒక్కోసారి సగం ఉంటుంది. పెట్రోలుపై మిగిలింది చాలావరకు అక్కడ పోతుంది. కనుక ఇంత చిన్న పెరటికి డబ్బు విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఎంచుకోవలసింది డబ్బును బట్టి కాదు, గడ్డిని బట్టి, యంత్రం పట్టే మనిషిని బట్టి, పక్కింటివారిని బట్టి.

గోడ అవతలి హక్కు

పెట్రోలు యంత్రం పట్టుకున్నవారి చెవి దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ వరకు ఉంటుంది. చెవికి రక్షణ లేకుండా 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు భరించవచ్చని నిపుణుల లెక్క. ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ ప్రకారం 100 డెసిబెల్స్‌కు పావుగంట మించకూడదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్‌ను పరిమితిగా నిర్ణయించాయి. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్న పట్టణపు వీధిలో ఈ యంత్రం మోగితే, పసిబిడ్డను నిద్రపుచ్చుకున్న తల్లి, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న కార్మికుడు, మంచాన ఉన్న వృద్ధుడు అందరూ దానిలో భాగస్వాములవుతారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుండి కొత్తగా తయారయ్యే ఇటువంటి చిన్న పెట్రోలు తోట యంత్రాల అమ్మకాన్ని నిలిపివేయడానికి కారణం వాటి పొగ. చట్టం లేనిచోట పొరుగువారి హక్కు లేకుండా పోదు. ఆ హక్కును మన ధర్మం ఎంత పైన ఉంచిందో మీకు తెలియనిది కాదు. పక్కింటివారు ఏ మతస్తులైనా ఆ హక్కు వారికి ఉన్నదే.

కనుక ఏ యంత్రమైనా సరే, ఉదయం తొమ్మిది తరువాత, లేదా అసర్ తరువాత మొదలుపెట్టి మగ్రిబ్‌కు చాలా ముందే ముగించండి. మధ్యాహ్నపు నిద్రవేళను వదిలేయండి. పక్కవారికి ముందుగా ఒక మాట చెప్పండి. గోడ మీద ఆరేసిన బట్టలు, గేటు ముందున్న బండి, కారు అద్దం తీయించుకునే అవకాశం కూడా వారికి దొరుకుతుంది.

కన్ను పోతే రాదు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. తీగ కొట్టిన రాయి తుపాకీ గుండులా వస్తుంది. యంత్రాల వెంట వచ్చే పుస్తకాలలో, పని జరిగేచోటి నుండి ఇతరులు 15 మీటర్లు, అంటే 50 అడుగుల దూరంలో ఉండాలని రాసి ఉంటుంది. మన పెరళ్లలో అంత దూరం ఎక్కడ ఉంటుంది? కాబట్టి పిల్లలను ఇంట్లోకి పంపి తలుపు వేయడమే మార్గం. కోయబోయే ముందు నేలంతా ఒకసారి నడిచి రాళ్లు, సీసా పెంకులు, తీగముక్కలు ఏరివేయాలి. మా మద్రసా ఆవరణలో యంత్రం నడిచేది పిల్లలు తరగతుల్లో ఉన్నప్పుడే. పెద్ద విద్యార్థులు ఎంత ఉత్సాహపడినా వారి చేతికి దానిని ఇవ్వము.

యంత్రం పట్టేవారు కళ్లకు రక్షణ అద్దాలు తప్పక పెట్టుకోవాలి. మామూలు కళ్లజోడు చాలదు. లుంగీ, హవాయి చెప్పులు పనికిరావు. నిండు ప్యాంటు, బూట్లు ఉండాలి. స్త్రీలు దుపట్టా కొంగును వెనక్కు గట్టిగా బిగించుకోవాలి. వయ్యారిభామ కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పూత రాకముందే కోసేయాలి. జిల్లేడును యంత్రంతో కొట్టవద్దు, దాని పాలు కంటిలో పడితే కంటికి హాని కలుగుతుంది. దానిని చేత్తో, దూరంగా ఉండి నరకాలి. కోత ఇంటి వైపు నుండి మొదలుపెట్టి బయటికి సాగాలి. అలా చేస్తే లోపలున్న పాము ఇంట్లోకి కాక బయటికి పోతుంది.

కంటిలో గడ్డి ముక్క పడితే నలపవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, ఎరుపు, నొప్పి తగ్గకపోతే ఆ రోజే కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. పచ్చి ఆకు గీరుకున్న కంటికి ఫంగస్ పట్టి పుండు పడడం వ్యవసాయ ప్రాంతాల్లో తరచుగా జరిగేదే. మందుల దుకాణంలో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేస్తే ఆ పుండు మరింత లోతుకు పోతుంది. ఆకు పసర్లు, తల్లిపాలు పోయడం కూడా హానికరమే.

మరొక హెచ్చరిక. నైలాన్ తీగ త్వరగా అరిగిపోతోందని కొందరు దాని స్థానంలో ఇనుప తీగనో, బైకు క్లచ్ వైరునో బిగిస్తున్నారు. అది తెగిందంటే ఎవరి ఒంట్లో దిగుతుందో చెప్పలేము. ఇది నిర్లక్ష్యం కాదు, ఎదుటివారి ప్రాణంతో ఆడుకోవడమే. తీగ ఊరికే విరుగుతుంటే, వాడే ముందురోజు నీళ్లలో నానబెట్టండి. తడి పీల్చుకుని మెత్తబడుతుంది.

చెట్ల మొదళ్లకు అడుగు దూరంలో ఆపాలి. మామిడి మొక్క బెరడు చుట్టూ తెగితే మొక్క చచ్చిపోతుంది. లేత కొబ్బరి మొక్క మొదలుకు గాయమైతే ఎర్రముక్కు పురుగు ఆ గాయం వాసనకే వస్తుంది. పాదులలోని గడ్డికి కొడవలే ఉత్తమం. కుక్కలు తిరిగే పెరటిలో తీగ గడ్డితో పాటు మలినాన్ని కూడా బట్టల మీదికి చిమ్ముతుందని గుర్తుంచుకోండి. కోతకు వేరే బట్టలు ఉంచుకుని, నమాజుకు ముందు స్నానం చేయడం మేలు.

ఎవరికి ఏది?

ఇక సోదరి ప్రశ్నకు మా జవాబు. అరవై రెండేళ్ల మనిషి చేతికి తొమ్మిది కిలోల పెట్రోలు యంత్రం ఇవ్వవద్దు. 36 లేక 40 ఓల్టుల బ్యాటరీ యంత్రం తీసుకోండి. మోకాలి ఎత్తు గడ్డిని మాత్రం ముందుగా ఒక్కసారి పెట్రోలు యంత్రం ఉన్న కూలీని పిలిచి కోయించండి. ఆ తరువాత వర్షాకాలంలో రెండు వారాలకొకసారి మీరే కోసుకోండి. ఆరు సెంట్లను ఒకేరోజు ముగించాలనే తొందర వద్దు, మూడు సాయంత్రాలుగా పంచుకోండి. ఛార్జింగూ సరిపోతుంది, ఒళ్లూ అలవదు. అబ్బాయి పంపిన సొమ్ములో మిగిలినదానితో ముందు కళ్లద్దాలు, బూట్లు కొనండి.

అర ఎకరం మించి కొబ్బరి తోట ఉన్నవారికి పెట్రోలు యంత్రం, అందులోనూ ఫోర్ స్ట్రోక్, తగినది. కడియం నర్సరీల నుండి పచ్చిక తెచ్చి పరుచుకున్నవారు ఒక సంగతి గమనించాలి: తీగ యంత్రం అంచులకే. నడుమ పచ్చికను దానితో కోస్తే ఎత్తుపల్లాలై, పసుపు మచ్చలు పడతాయి. దానికి చేత్తో నెట్టే పచ్చిక యంత్రం చాలు. దేనితో కోసినా ఒకసారికి పొడవులో మూడో వంతు మించి తీయకూడదు.

ఏడాదికి రెండు మూడు సార్లే కోత ఉన్నవారు ఏ యంత్రమూ కొనవద్దు. కూలీని పిలవండి, చెమట ఆరకముందే కూలి ఇవ్వండి, పెట్టుకోవడానికి కళ్లద్దాలు మీరే ఇవ్వండి. గేదె ఉన్న పేదవారు ఎవరైనా కొడవలితో కోసి గడ్డి తీసుకుపోతామంటే సంతోషంగా ఒప్పుకోండి. యంత్రం కొట్టిన గడ్డి ముక్కలై, మట్టి కలిసి, నైలాన్ తునకలతో పశువుకు పనికిరాదు. దానిని పాదులలో పరిచి నేలకు ఎరువు చేయాలే తప్ప, కాల్చి వీధంతా పొగ చేయకూడదు.

నాలుగిళ్లవారు కలిసి ఒక యంత్రం కొనుక్కోవడం కూడా మంచి పద్ధతే. అయితే ఎవరి వాటా ఎంత, చెడితే ఎవరు బాగుచేయించాలి అన్నది మొదటిరోజే కాగితం మీద రాసుకోండి. అరువు తెచ్చుకున్న యంత్రం అమానతు. శుభ్రం చేసి, తీగ నింపి, ఛార్జింగు పెట్టి తిరిగి ఇవ్వాలి. మస్జిద్ సొమ్ముతో కొన్న యంత్రాన్ని కమిటీ సభ్యుడైనా, ఇమామైనా సొంత పెరటికి ఉచితంగా వాడుకోవడం సరికాదు. అనుమతితో, తగిన అద్దె కట్టి వాడుకోవాలి.

చివరగా ఖబ్రస్తాన్ విషయం. వర్షాకాలంలో యువకులు ఈ యంత్రాలతో ఖబ్రస్తాన్ శుభ్రం చేయడం అభినందనీయం. అయితే సమాధులపై ఉన్న పచ్చి గడ్డిని కోయడం మక్రూహ్ అని హనఫీ ఫిఖ్‌హ్ పండితులు చెప్పారు. ఎండిన గడ్డిని తీయడానికి అభ్యంతరం లేదు. కాబట్టి జనాజా నడిచే దారులను, గోడల వెంబడి పొదలను యంత్రంతో శుభ్రం చేసి, సమాధుల దగ్గర ఎండినదానిని చేత్తో తీయండి. తీగ తగిలితే గుర్తురాళ్లు పగులుతాయి, మట్టి గట్లు చెదురుతాయి. అక్కడ యంత్రాన్ని ఆపి వంగి పనిచేయడమే ఆ చోటికి తగిన మర్యాద.